కిటికీ వైపు

మిషను ఆగినా మోత ఆగలేదేమిటని ఆమె అలాగే నిలబడి వింటూ ఉంది. కర్ర అంచులు చెక్కే రౌటర్ ప్లగ్గు తన చేతిలోనే ఉంది. తనే పీకింది. ప్లగ్గు పీకిన మిషను మోగదు, ఆ మాత్రం తెలుసు, అయినా షెడ్డంతా హోరుమంటోంది, ఆ హోరు తన చెవుల్లోదో బయటిదో తేల్చుకోలేక ఒక చెవి మూసి చూసింది, తర్వాత రెండోది. దుమ్ము లాగే మిషను. మూలనున్న డ్రమ్ము. దాని గొట్టం ఇంకా రౌటర్‌కి తగిలించే ఉంది, దాని మానాన అది గాలిని లాగుతూనే ఉంది, ఏమీ జరగనట్టు. వెళ్ళి దాని స్విచ్చి కూడా కట్టేసింది. అప్పుడు వచ్చిన నిశ్శబ్దం మోతకంటే భరించలేనిదిగా ఉంది, ఎందుకంటే ఆడపడుచు పిచిక ఇక్కడ లేదన్న సంగతి ఆ నిశ్శబ్దంలోనే తెలిసింది. పిచికని తీసుకుపోయారు. కేక విని పక్క షెడ్డు వెల్డరు పరిగెత్తుకొచ్చాడు, మెడలో తువ్వాలు తీసి దాని చేతికి చుట్టాడు, చెయ్యి పైకెత్తి పట్టుకో చెల్లెమ్మా, కిందికి దించకు అన్నాడు, తన వ్యానులో కూర్చోబెట్టాడు, అక్కా నువ్వు తాళాలేసుకుని వెనకాలే రా అన్నాడు. తాళాలు. తాళాల కోసమే కదా లోపలికి వచ్చింది, మరి ఈ ప్లగ్గు పట్టుకుని ఎందుకు నిలబడింది?

ఫోను మోగింది. ఎక్కడ మోగుతోందో తెలియలేదు, బల్ల మీద కాదు, కిటికీ గట్టు మీద కాదు, చివరికి తన నడుం దగ్గరే, ఏప్రాను జేబులో. తీస్తే తెరమీద వేలిముద్ర పడింది, ఎర్రగా. తనది కాదు ఆ రక్తం.

“అక్కా, ఇంకా బయల్దేరలేదు కదా?” వెల్డరు. “డాక్టరమ్మ అడుగుతోంది. చూపుడు వేలు కొస లేదు, ఎడమ చేతిది. ముక్క అక్కడే ఎక్కడో పడుంటుంది, వెతికి తెమ్మంటోంది. వింటున్నావా?”

“ఊఁ.”

“దొరికితే నీళ్ళల్లో వెయ్యకు. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి మూతి కట్టు. ఆ కవర్ని ఐసులో పెట్టు. ఐసు దానికి నేరుగా తగలకూడదంట. గంటలోపు తెస్తే మంచిదంట.”

“పిచిక ఏం చేస్తోంది?”

“నవ్వుతోందక్కా,” అన్నాడు అతను గొంతు తగ్గించి. “అదే నాకు భయంగా ఉంది.”

వేలి కొస. ఎడమ చూపుడు వేలి కొస. ఆమె ఆ మాటల్ని లోపల ఒకసారి పలికి చూసింది, అర్థం ఉన్న మాటల్లాగే ఉన్నాయి. వేరే ఏ వేలైనా అయి ఉంటే, అనిపించింది వెంటనే, అలా అనిపించినందుకు సిగ్గేసింది, అయినా అనిపించడం మానలేదు. ఉంగరపు వేలు పోతే ఏం, చిటికెన వేలు పోతే ఏం. ఆ వేలితో పిచిక కర్రను చదువుతుంది. కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వాల్చి, ఆ ఒక్క వేలి మెత్తతో అంచు పొడవునా నిమురుకుంటూ పోతుంది, ఎక్కడో టక్కున ఆగుతుంది, ఇక్కడ వదినా, ఇక్కడ మెట్టు పడింది అంటుంది. ఏదీ, నాకేం కనపడదే అని తను అద్దాలు సవరించుకుని వంగి చూస్తే ఏమీ ఉండదు, లైటు పక్కనుంచి పట్టి చూస్తే అప్పుడు, వెంట్రుక మందాన నీడ. నీ వేలికి కళ్ళున్నాయే అనేది తను. నీ కళ్ళకి వేళ్ళు లేవు మరి అనేది అది. ఏం నోరో. ఆడపడుచంటే అలాగే ఉండాలి కాబోలు, పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ పిల్ల నోటికి భయపడి వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు తను, అలాంటిది ఇప్పుడు ఈ షెడ్డులో రోజంతా ఇద్దరే, మధ్యలో ఒక కర్ర పలక, దానికి ఆ కొసనొకరు ఈ కొసనొకరు, నోరు మూసుకుని ఉన్న పూట ఒక్కటి లేదు. పిచికంటే పొట్టిగా, చురుగ్గా, క్షణం కుదురు లేకుండా ఉంటుందని ఇంట్లో పెట్టుకున్న పేరు. వెల్డరుకి కూడా అసలు పేరు తెలియదు. ఆస్పత్రిలో ఏం పేరు చెప్పి ఉంటాడు?

మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు నేల. బల్ల కింద పొట్టు అంగుళం మందాన పేరుకుని ఉంది. ఇవాళ తెచ్చిన కర్ర చేవ కర్ర, గులాబి రంగుకి గోధుమ రంగు కలిసినట్టుంటుంది, రౌటర్ కొరికినప్పుడు ఉండలు చుట్టుకున్న పెచ్చులు రాలతాయి. ప్రతి పెచ్చూ వేలి కొసలాగే ఉంది. దేవుడా, ప్రతి ఒక్కటీ. ఒకటి పట్టుకుంది, మెత్తగా ఉంది, చూస్తే కర్రే, రక్తంలో నాని మెత్తబడింది. ఇంకొకటి. ఇంకొకటి. మనిషి శరీరం, కర్ర ఒకే రంగులో ఉంటాయని ఎవరైనా చెబితే నవ్వేది నిన్నటిదాకా. పొద్దున ఈ పలకని లోపలికి తెచ్చినప్పుడు పిచిక దాన్ని నిమిరి, ఎంత బావుందో చూడు వదినా, పసిపిల్ల చెంపలాగుంది అంది. పెద్ద పలక. పన్నెండు మంది కూర్చుని తినే బల్లకి. నాలుగు అంచులూ గుండ్రంగా తీసివ్వమన్నారు, పిల్లలు పరిగెత్తి తలలు కొట్టుకుంటారట, పదునైన అంచు ఎక్కడా ఉండకూడదట. ఎవరికీ దెబ్బ తగలకూడదని చెప్పి మరీ చేయించుకుంటున్న బల్ల.

ముందు ప్లగ్గు పీకింది తను. అదీ గుర్తొచ్చింది, పొట్టులో చేతులు పెట్టి ఉండగా, ఎవరో వెనకనుంచి వీపు మీద చరిచినట్టు. మిషను ఎగిరింది, పలక అంచు దాటి కిందికి వాలింది, పడిపోతున్న పిల్లని పట్టుకున్నట్టు పిచిక ఎడమ చెయ్యి పిడి వదిలేసి కిందనుంచి పట్టుకోబోయింది, అప్పుడా కేక, కేక కూడా కాదు, ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడు, తనకి అది మిషను మోతలో ఎలా వినబడిందో, వినబడింది. విన్నాక తను దాని వైపు పరిగెత్తలేదు. తన వెనకనున్న గోడ వైపు పరిగెత్తింది. ప్లగ్గు పీకింది. ఆ తర్వాతే వెనక్కి తిరిగింది. తను నేర్పిన మొదటి పాఠమే అది, ఏదైనా జరిగితే ముందు ప్లగ్గు, తర్వాతే ఏడుపు. సరైన పనే. ఎవరిని అడిగినా సరైన పనే అంటారు. అయినా ఆ రెండు అడుగులు పిచికకి వీపు చూపించి వేసింది తను, రక్తం కారుతున్న మనిషికి వీపు చూపించి, తిరిగి చూసేసరికి అది తన చేతిని తనే చూసుకుంటూ, ఎవరిదో చెయ్యి పొరపాటున తన దగ్గర వదిలేసి వెళ్ళినట్టు చూసుకుంటూ ఉంది. అప్పుడు తను ఏమంది? ఏదో అంది. అరిచింది. ఏమని అరిచింది?

చెప్పినట్టు చెయ్యవు కదే, అని అరిచింది.

అవును మరి. చెప్పినట్టు చేస్తే మిషను ఎగరదు. రౌటర్ తనంతట తాను ఎగరదు, ఎగిరిందంటే మనిషి ఏదో చేసి ఉండాలి. ఎన్నిసార్లు చెప్పింది, అన్నం తింటున్నప్పుడు కూడా చెప్పేది. బిట్టుని, ఆ తిరిగే కత్తిని, మిషను గొంతులోకి అడుగంటా దింపకు, దింపి కాస్త పైకి లాగి అప్పుడు బిగించు, లేకపోతే బిగిసినట్టే ఉండి జారుతుంది. లోతు పుల్లని కొలిచి పెట్టుకో, ముందు పనికిరాని ముక్క మీద ఆడించి చూడు. ఒక్కసారే లోతుకి దించి కర్రతో కుస్తీ పట్టకు, పసిపిల్లకి ముద్ద పెట్టినట్టు కొంచెం కొంచెం కొరకనివ్వు. గాజులు తియ్యి, చున్నీ తియ్యి, జడ లోపలికి దోపు. గ్లౌజులు అసలొద్దు, బిట్టు దారాన్ని పట్టుకుంటే చెయ్యంతా లాక్కుపోతుంది. ఏ మాత్రం తేడా అనిపించినా లివరు వదిలెయ్, స్ప్రింగులు బిట్టుని పైకి లాక్కుని పొట్టలో దాచుకుంటాయి, పాపం మిషనుకి ఆ లివరు పెట్టిందే అందుకు. అన్నీ సరే సరే అనేది. నువ్వు చెప్పేటప్పుడు నాకు మా లెక్కల టీచరు గుర్తొస్తుంది వదినా, ఆవిడ కూడా ఇలాగే బెత్తం లేకుండా కొట్టేది అనేది. అన్నిటికంటే ముఖ్యం, అన్నిటికంటే, నడక. బిట్టు తిరిగే తిరుగుడికి ఎదురు నడపాలి. ఎదురు నడిపితే మిషను మనల్ని వెనక్కి నెడుతుంది, ఆ నెట్టుడే మనకి పట్టు. తిరుగుడుతో పాటు నడిపావా, బిట్టు చక్రంలా కర్రనెక్కి పరిగెత్తుతుంది, దాని వెనక మనం. ఇది మర్చిపోతే మిగిలినవన్నీ గుర్తుండి ప్రయోజనం లేదు అని చెప్పింది, ఒకసారా రెండుసార్లా.

పలక మీద చెయ్యి ఆనించి పైకి లేచింది, లేస్తుంటే పలకకి అవతల, కంటికి ఎదురుగా ఆ అంచు. గోడ వైపు అంచు. పిచిక నిలబడిన వైపు. దాన్ని ఇంతవరకూ చూడలేదు తను. అంచు మొదట్లో జానెడు మేర నున్నగా గుండ్రంగా తిరిగి ఉంది, అక్కడినుంచి దెబ్బలు దెబ్బలుగా లేచిపోయింది, కుక్క కొరికినట్టు, పెచ్చులు ముందుకి వాలి ఉన్నాయి, ఎదురు నడిపితే పెచ్చు ఇలా వాలదు. ఈ పెచ్చుల్ని చూసి ఎటునుంచి ఎటు నడిపారో చెప్పగలదు తను, కాలి గుర్తులు చూసి చెప్పినట్టు. తిరుగుడుతో పాటే నడిపింది. ఎదురు కాదు, పాటే. ఒళ్ళు మండింది, ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు చేసి ఇవాళ ఇది మర్చిపోతావా, నీకు తల ఎక్కడుందే, నేను చెప్పాను కదా, మిషను పెట్టేముందు కూడా చెప్పాను కదా, కిటికీ వైపు అని.

పెచ్చుల వెంట చూపు సాగింది. దెబ్బలు దెబ్బలుగా, అంచు వెంబడి, చివరిదాకా. చివర, పలక అయిపోయాక, ఎండ. ఎండలో ఎగురుతున్న పొట్టు. కిటికీ.

కిటికీ వైపే నడిపింది.

బల్ల చుట్టూ నడిచి గోడ వైపుకి వెళ్ళింది, పిచిక నిలబడిన చోట నిలబడింది, నేల మీద రక్తంలో దాని చెప్పుల గుర్తులున్నాయి, వాటిని తొక్కకుండా కాస్త వెనక. రెండు చేతులూ పిడులు పట్టుకున్నట్టు చాచింది. కిటికీ ఎడమ పక్కన ఉంది. ఎడమ పక్కన. ఈ షెడ్డులో కిటికీ ఎప్పుడూ కుడి పక్కనే ఉంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కరోజు ఎడమన లేదు, ఎందుకంటే ఇన్నేళ్ళలో ఒక్కరోజు ఎవరూ ఇటు నిలబడలేదు, నిలబడటానికి ఇక్కడ చోటే లేదు, బల్ల గోడకి ఆనించి ఉండేది. పలక ఒక అంచు అయ్యాక దాన్ని బల్లకి బిగించిన క్లాంపులు విప్పి, ఇద్దరూ చెరో కొస పట్టి పలకనే తిప్పేవాళ్ళు, రెండో అంచు దగ్గరికి వచ్చేది. తిరిగేది ఎప్పుడూ కర్రే, వాళ్ళు కాదు. ఇవాళ పలక వెడల్పు ఎక్కువైంది, గోడ అడ్డొచ్చింది, పొద్దున్నే ఇద్దరూ ఊపిరి బిగబట్టి బల్లని గది మధ్యకి లాగారు. అవతలి అంచు తను చేసింది. కిటికీ వైపు నడిపింది, మిషను వెన్న మీద నడిచినట్టు నడిచింది. అప్పుడు పిచిక, ఇంత బరువు మళ్ళీ తిప్పడం ఎందుకు వదినా, నేనే అటు వెళ్తా, నువ్వు క్లాంపులు చూసుకో అంది. మంచి ఆలోచనే అనుకుంది తను. మంచి ఆలోచనే. మిషను స్విచ్చి వేసేముందు పిచిక ఎప్పటిలాగే తలెత్తి అడిగింది, ఎటు వదినా? అడగక్కర్లేదు, దానికి తెలుసు, అయినా ప్రతిసారీ అడుగుతుంది, తను ప్రతిసారీ చెబుతుంది, పూజకి ముందు గంట కొట్టినట్టు అదొక అలవాటు. తను క్లాంపు బిగిస్తూ ఉంది. తల కూడా ఎత్తలేదు. కిటికీ వైపు, అంది.

కుడి ఎడమలు పనికిరావని తనే కదా తీసేసింది. పిచికకి చిన్నప్పటినుంచీ అవి కుదరవు, చెప్పులు తారుమారుగా వేసుకుని బడికి పోయేదట, దారి చెప్పమంటే చేత్తో ఒక వైపు చూపించి నోటితో ఇంకో వైపు చెప్పేది. పైగా ఇద్దరూ చెరో కొస పట్టి ఎదురెదురుగా నిలబడితే తన కుడి దానికి ఎడమ, మోతలో సగం మాట వినబడదు, ప్రమాదం. బాగా ఆలోచించే పెట్టింది తను. కిటికీ వైపు, తలుపు వైపు. కుడీ ఎడమా మనిషితో పాటు తిరుగుతాయే, కిటికీ తిరగదు, ఎవరు ఎక్కడ నిలబడ్డా కిటికీ కిటికీయే అంది గొప్పగా. మా వదిన బుర్ర బుర్ర కాదు అని పిచిక వెల్డరుకి కూడా చెప్పుకుంది. కిటికీ తిరగదు. అదే. కిటికీ తిరగదు, బిట్టు నడక మనిషితో పాటు తిరుగుతుంది. అటు నిలబడ్డవాళ్ళకి ఎదురైనది ఇటు నిలబడ్డవాళ్ళకి పాటు. పిచిక ఏ వైపు నిలబడ్డా దాని కుడివైపే నడపాలి, ఆ పాత కుడి ఎడమలే ఉండి ఉంటే, ఆ పిల్ల తడబడుతూ తడబడుతూనైనా, చేతికి నూలుపోగు కట్టుకునైనా, కుడివైపు నడిపి ఉండేది. పొరపాటు పడకుండా పెట్టిన మాట. గోడకి జారగిలబడింది. చెప్పినట్టు చెయ్యవు కదే. ఆ అరుపు ఇంకా షెడ్డులోనే ఎక్కడో వేలాడుతున్నట్టుంది. దానికి వినబడి ఉంటుందా? వినబడే ఉంటుంది, అప్పటికి ప్లగ్గు పీకేసింది కదా తను.

మళ్ళీ ఫోను. ఆయన.

“ఏంటే, వెల్డరు ఫోన్ చేశాడు. ఎంత దెబ్బ?”

“వేలు,” అంది.

“నేను చెప్తూనే ఉన్నాను. దానికి చిన్నప్పట్నుంచీ అంతే, కుడేదో ఎడమేదో తెలిసి చావదు. అలాంటిదాని చేతికి ఆ మిషను ఇవ్వొద్దని మొత్తుకున్నాను కదా. సరే, ఇప్పుడనుకుని ఏం లాభం. నీ తప్పేం లేదు, నువ్వు కంగారు పడకు. నేను బయల్దేరుతున్నా.”

నీ తప్పేం లేదు. ఎంత తేలిగ్గా చేతికిచ్చాడు, మంచినీళ్ళ గ్లాసు అందించినట్టు. తీసుకుని తాగేస్తే సరిపోతుంది. కర్ర మీద గుర్తులు ఎవరికి చదవడం వచ్చు, ఆయనకి రాదు, వెల్డరుకి ఇనుము తప్ప కర్ర తెలియదు. పిచికకి వచ్చు.

“కుడీ ఎడమా కాదండీ,” అంది. “కిటికీ.”

“కిటికీ ఏంటే? అద్దం పగిలిందా?”

“నేనే అటు తొయ్యమన్నాను. కిటికీ వైపు. నేనే చెప్పాను.”

“నువ్వు ముందు ఎక్కడైనా కూర్చో,” అన్నాడు ఆయన మెల్లగా. “మంచినీళ్ళు తాగు. ఏదేదో మాట్లాడుతున్నావు.” పెట్టేశాడు.

కూర్చోలేదు. గంటలోపు అన్నారు, ఎంతసేపయిందో తెలియదు. నేల మీద లేదు, బల్ల మీద లేదు, మరి ఎక్కడ? గొట్టం. పీల్చుకుంటూనే ఉంది కదా అది, తను వెళ్ళి కట్టేసేదాకా. డ్రమ్ము మూత తీసింది. నోటిదాకా పొట్టు. చేతితో కెలికితే దుమ్ము లేచి కళ్ళల్లో పడింది, ఇలా కాదు అనుకుంది, ఇలా అయితే సాయంత్రమవుతుంది, షెడ్డు వెనక తలుపు తోసుకుని ఇంట్లోకి పోయింది, వంటింట్లోకి, పిండి జల్లించే జల్లెడ మేకుకి వేలాడుతోంది. దాన్ని తీస్తుంటే పక్కనున్న గరిటె జారి మోత చేస్తూ కింద పడింది, ఆమె ఆ గరిటెను తీసి, కడిగి, తుడిచి, మళ్ళీ దాని చోట తగిలించింది. తగిలించాక గాని తెలియలేదు ఏం చేస్తోందో. పాత దుప్పటి ఒకటి పరిచి డ్రమ్ముని దాని మీద బోర్లించింది. కొంచెం కొంచెంగా తీసి జల్లెడలో వేసి ఆడించింది. చేతులకి ఈ పని తెలుసు. ఎన్ని వేలసార్లు పట్టాయో. మణికట్టు దానంతటదే తిరుగుతోంది, సన్నటి పొట్టు కిందికి రాలుతోంది, పెచ్చులు పైన మిగులుతున్నాయి, మిగిలినవాటిని వేలితో ఒక్కొక్కటే తిప్పి చూసి పక్కన వేస్తోంది, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. పెళ్ళయిన కొత్తలో బియ్యం ఏరుతుంటే పిచిక పక్కన కూర్చుని, నువ్వు కళ్ళతో వెతుకుతావు వదినా, నేను చూడకుండా తీస్తా చూడు అని చేట ఒళ్ళో పెట్టుకుని పైకప్పు వైపు చూస్తూ ఒక్క వేలితో రాళ్ళన్నీ తీసి పడేసింది. అప్పుడే అనుకుంది తను, ఈ పిల్లని ఏదైనా పనిలో పెట్టాలని. తనే పెట్టింది. పెళ్ళీ గిళ్ళీ వద్దు, ఎవరికిందా పని చెయ్యను అని మూలన కూర్చున్నదాన్ని చెయ్యి పట్టుకుని షెడ్డులోకి తీసుకొచ్చింది తనే.

జల్లెడలో ఒకటి కదల్లేదు. మిగతావన్నీ దొర్లుతుంటే అది మాత్రం తీగకి అంటుకుని ఉండిపోయింది. పొట్టంటుకుని, కర్రలాగే, చిక్కుడు గింజంత. తిప్పి చూస్తే గోరు. సగం గోరు, దానికింద గీతలు గీతలుగా, గుండ్రం గుండ్రంగా. ఒక అంచు శుభ్రంగా లేదు, నలిగి పీచులు పీచులుగా ఉంది. రంపం కోస్తుంది, రౌటర్ కోయదు, కొరుకుతుంది, ఇది తనకి తెలిసినంతగా ఆ డాక్టరమ్మకి కూడా తెలియదేమో. తెలిసినదాన్ని తెలియనట్టు పక్కకి నెట్టింది. అరుస్తానేమో అనుకుంది, అరవలేదు. దొరికింది, దొరికింది అని ఎవరికో చెబుతున్నట్టు పైకే అంది. ఉతికిన చేతిరుమాలు తడిపి, పిండి, దాన్ని పడుకోబెట్టి మడతలు వేసింది. కవరు. కవరు మూతికి దారం. ఫ్రిజ్‌లోంచి ఐసు ట్రే లాగితే రాలేదు, సింకు అంచుకేసి కొట్టింది, ముక్కలు నేలంతా చెల్లాచెదురయ్యాయి, దొరికినన్ని గిన్నెలో వేసి, మధ్యలో కవరు, మూత. తాళాలు వెయ్యలేదు. రోడ్డు మీద ఏ బండి ఆపిందో, ఎంత వేగంగా పోయిందో గుర్తులేదు, ఒళ్ళో గిన్నె చల్లదనం చీరలోంచి తొడలకి ఎక్కడం మాత్రం తెలిసింది, ఏం తీసుకెళ్తున్నారమ్మా అని డ్రైవరు అడిగాడు, మా ఆడపడుచుది అంది.

ఆస్పత్రిలో పిచికని చక్రాల మంచం మీద పడుకోబెట్టి ఉంచారు, ఎడమ చెయ్యి తెల్లటి గుడ్డలో పైకి కట్టి ఉంది. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఆమెని చూడగానే కళ్ళు పెద్దవి చేసింది.

“తెచ్చావా నా వేలు?”

“తెచ్చాను.”

“ఎక్కడ దొరికింది?”

“డ్రమ్ములో. జల్లెడ పట్టాను.”

“ఏ జల్లెడ? పిండి జల్లెడా? ఛీ వదినా, ఇంక మనింట్లో రొట్టెలు నేను తినను బాబూ.”

వెల్డరు తల తిప్పుకుని గోడకేసి చూశాడు. డాక్టరమ్మ గిన్నె తీసుకుని పక్క గదిలోకి వెళ్ళింది, ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది, దీపం కింద రుమాలు మడతలు విప్పడం కనబడుతోంది, ఎంత జాగ్రత్తగా విప్పుతోందో, లోపల ఏదో నిద్రపోతున్నట్టు. చాలాసేపు చూసింది. మళ్ళీ మడిచేసింది. ఆ మడిచిన తీరుతోనే తెలిసిపోయింది.

“బాగానే తెచ్చారమ్మా, సరిగ్గా తెచ్చారు,” అంది బయటికి వచ్చి. “కానీ ఇది అతకదు. అంచంతా నలిగిపోయింది. ఎముక చాలావరకు మిగిలింది కాబట్టి చర్మం తెచ్చి మూసేస్తాం. వేలు ఉంటుంది, కాస్త పొట్టిగా.”

“ముట్టుకుంటే తెలుస్తుందా?”

“వేడీ చల్లనా తెలుస్తాయి. గుచ్చుకుంటే తెలుస్తుంది.”

“నున్నగా ఉందో లేదో?”

డాక్టరమ్మకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. కొన్నాళ్ళు పోతే కొంత వస్తుంది, మొదట్లో ఉన్నంత రాదు అని చెప్పి, సంతకం ఎవరు పెడతారు అని అడిగింది.

ఆమె మంచం దగ్గరికి వచ్చి పిచిక కుడి చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. తనదే చల్లగా ఉందేమో. విన్నావా అని అడగక్కర్లేదు, అది విన్నట్టే పైకప్పు వైపు చూస్తోంది. ఇప్పుడు కాదు, తర్వాత చెబుదాం, ముందు కుట్లు పడనీ, ముందు నిద్ర పోనీ, అంటోంది లోపల ఏదో. తర్వాత అంటే ఎప్పుడు? ఆయన వచ్చాక, ఆయన దాని తల నిమురుతూ కుడీ ఎడమా తెలియని పిచ్చిదానా అన్నాక? ఆమె మంచం మీదికి వంగింది.

“పిచికా. నేను తప్పు చెప్పానే. నువ్వు గోడ వైపు నిలబడ్డావు, కిటికీ నీకు ఎడమకి పడింది. నేను చూసుకోలేదు. తలెత్తి చూడను కూడా లేదు. నువ్వు నేను చెప్పినట్టే చేశావు. పైగా నిన్నే తిట్టాను.”

“తెలుసు,” అంది పిచిక.

“ఇప్పుడు అర్థమైందా? పడుకుని ఆలోచిస్తే?”

“ఇప్పుడు కాదు. బిట్టు కర్రకి తగలగానే. చేతికి తెలిసిపోయింది ఇటు కాదని. నెట్టాల్సింది పోయి లాగుతోంది కదా.”

ఒక నర్సు వచ్చి మంచం కాళ్ళకున్న బ్రేకులు తన్నింది. “జరగండమ్మా.”

“మరి ఆపలేదేమే?” అంది, అరిచిందేమో, వెల్డరు ఇటు తిరిగాడు. “లివరు వదిలెయ్యాల్సింది. వదిలేస్తే పైకి పోయేది కదే బిట్టు. తెలిసి కూడా ఎందుకు తోశావే?”

పిచిక ముఖం తిప్పి ఆమెని చూసింది. ఇంత పెద్ద మనిషికి ఈపాటి సంగతి తెలియదా అన్నట్టు, కాస్త ఆశ్చర్యంగా, కాస్త జాలిగా కూడా చూసింది.

“నువ్వు చెప్పాక ఆపడమేంటి వదినా?”

మంచం కదిలింది. చేతిలోంచి చెయ్యి జారిపోయింది. ఆ మాటలో ఎక్కడైనా నిష్ఠూరం ఉందేమోనని ఆమె వెతికింది, తలుపు రెక్కలు మూసుకునేదాకా, మూసుకున్నాక కూడా. లేదు. కాస్త ఉన్నా తను బతికిపోయేది.